బల్బు ఆరేదాకా

తెరిచిన బానెట్ కింద బల్బు వెలుగుతూనే ఉంది. పట్టపగలు, కార్తీక మాసపు పొద్దున, మూడు రోజుల ముసురు విడిచి ఎండ ఇంకా ధైర్యంగా కాయలేని వేళ, కారు బ్యాటరీకీ కూతురు చేసిన ప్లాస్టిక్ డబ్బాకీ నడుమ తీగకు కట్టిన చిన్న బల్బు అది. కారు వెనక లైటులోంచి ఊడదీసింది. నాగరత్నమ్మ కళ్లు దాని మీద ఉన్నాయి గానీ చెవి మాత్రం వెనక సీటు దగ్గరే ఉంది. అక్కడ ఆమె భర్త చెన్నకేశవరావు, వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు కాబట్టి, రెండు దిండ్లకు ఆనుకుని కూర్చున్నట్టే వాలి, ప్రతి ఊపిరినీ బేరమాడి తెచ్చుకుంటున్నట్టు తీస్తున్నాడు. మార్కాపురంలో డయాలసిస్ బెడ్డు మధ్యాహ్నం దాకా ఆయన కోసం ఉంటుంది. ఆ తర్వాత ఇంకొకరిది. మొన్నటి వంతు వానకూ వాగుకూ పోయింది. ఈ వంతు కూడా పోతే ఒంట్లో నిలిచిన నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఎక్కితే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. ఆ మిగతాది ఊహించుకోవడం నాగరత్నమ్మకు పుట్టుకతో వచ్చిన విద్య.

చెడును ముందుగానే తలుచుకుంటే అది సిగ్గుపడి రాకుండా పోతుందని ఆమె నమ్మకం. ఎవరూ నేర్పింది కాదు, ఆరో తరగతితో బడి మానేసిన పిల్ల లోకంతో సొంతంగా కుదుర్చుకున్న ఒప్పందం. ఫోను మోగితే కొంగుకు చేయి తుడుచుకునేలోపు ఎవరెవరు పోయి ఉంటారో వరసగా అనుకుంటుంది. ఎవరూ పోలేదని తెలిశాక, అనుకున్నాను కాబట్టే తప్పింది అనుకుంటుంది. కూతురు ఉమామహేశ్వరి మొదటిసారి స్టీరింగు పట్టుకున్ననాడు ఎదురుగా లారీ వచ్చినట్టు, అద్దం పగిలినట్టు, ఎవరో తెలియనివాళ్లు పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని తమ దుకాణం వెతుక్కుంటూ వచ్చినట్టు, అన్నీ అనుకుని పెట్టుకుంది. పిల్ల నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. ఈ పొద్దున కొమరోలులో బయల్దేరేటప్పుడు కూడా అనుకుంది. టైరు పేలుతుంది, ఎక్కడో రోడ్డు తెగి ఉంటుంది, ఆయనకు దారిలో ఎక్కిళ్లు మొదలవుతాయి. రోడ్డు తెగడం ఒక్కటి నిజమైంది. గిద్దలూరు దాటాక కల్వర్టు కొట్టుకుపోయి లారీలన్నీ బారులు తీరితే ఉమ కారును కందిచేల మధ్య దారిలోకి తిప్పింది. ఆ గతుకుల్లో ఆయనకు కడుపులో తిప్పి, ఆపమన్నాడు. ఆపి ఇంజను కట్టేసింది. ఆయన కక్కుకున్నాక మొహం కడిగి, పుక్కిలించడానికి నీళ్లిచ్చి, మింగకుండా చూసి, మళ్లీ ఎక్కించాక తాళం తిప్పితే టిక్కుమంది. ఇంకోసారీ టిక్కుమంది. అంతే. కారు కదలకుండా నిలబడిపోవడం, ఆ ఒక్కటి ఆమె అనుకోలేదు. అనుకోనందుకే వచ్చింది. ఇన్ని అనుకున్నదాన్ని, అది ఎట్లా మరిచిపోయాను?

"టిక్కుమంటే ఏంది?" అని అడిగింది అప్పుడు.

"బ్యాటరీ ముసలిదైపోయింది మా. దాంట్లో కరెంటు లేక కాదు, ఒక్కసారిగా ఇయ్యలేకపోతా ఉంది. ఇంజను తిరగాలంటే ఒక్క గుక్కలో శానా కావాల. ఇది చుక్కచుక్కా ఇస్తాది."

వెనక సీట్లోంచి చెన్నకేశవరావు, "నా ఈడుదేమో కనుక్కోండి" అన్నాడు.

"నీకంటే మేలు నాయనా. అది నీళ్లడగదు."

తండ్రీ కూతుళ్లు ఇట్లాగే మాట్లాడుకుంటారు. ఆయన నవ్వబోయి దగ్గాడు. నవ్వించవద్దని నాగరత్నమ్మ కూతురికి కళ్లతో చెప్పింది, నీళ్ల మాట ఎత్తవద్దని కూడా. ఆయన నీళ్లు ఆమె చేతిలో ఉన్నాయి. రోజంతటికీ ఒక చిన్న సీసా, మాత్రలు మింగేదీ మజ్జిగా చారూ అన్నీ అందులోనే సర్దాలి. పుట్టినప్పటినుంచీ నీళ్లు మోసిన మనిషి ఆమె. వీధి కుళాయి కింద బిందె పెట్టి, దారం లావున వచ్చే ధార ఎప్పుడు తెగిపోతుందోనని గొంతుక్కూర్చుని చూసిన మనిషి. ఇప్పుడు ఇంటి నిండా నీళ్లు పెట్టుకుని మొగుడికి కనబడకుండా దాస్తోంది. ఎండాకాలం ఆయన పెదవులు తడుపుకుంటూ "ఒక్క గుక్క, రత్నా" అంటే చప్పరించమని ఐసుముక్క ఇచ్చి, ఆ ముక్క కరిగి గొంతులోకి పోయేదాకా గొంతు వంక చూసేది. ఉప్పు బస్తాలు అమ్మి దుకాణం నిలబెట్టినవాడికి ఉప్పు కూడదు. నీళ్ల కోసం మొహం వాచిన ఊళ్లో పుట్టినవాడికి నీళ్లు కూడదు. దేవుడికి కూడా వ్యాపారం తెలుసునేమో, మనిషి దగ్గర ఏది ఉంటే దాని మీదనే పన్ను వేస్తాడు.

కుళాయి గుర్తొచ్చాక డబ్బా సంగతి కొంచెం అర్థమైంది. దారం లావు ధార కింద నిలబడి తలంటుకోలేం. బిందె పెట్టి, నిండేదాకా కాచుకుని, అప్పుడు ఒక్కసారిగా గుమ్మరించుకోవాలి. ఉమ డబ్బా ఆ బిందె. లోపల లావుపాటి టార్చి సెల్లుల్లాంటివి ఆరు వరసగా ఉన్నాయి. కెపాసిటర్లట. వాటికవి కరెంటు పుట్టించలేవు గానీ, వచ్చిందాన్ని పట్టి ఉంచుకుని, అడిగిన క్షణాన ఉన్నదంతా ఇచ్చేస్తాయి. ఖాళీ డబ్బాను నేరుగా బ్యాటరీకి తగిలిస్తే ఆబగా గుంజుకుంటుంది, తీగలు కాలతాయి. అందుకని మధ్యలో బల్బు, దారిని సన్నం చేయడానికి. మొదట్లో బల్బు గట్టిగా వెలుగుతుంది, డబ్బా నిండేకొద్దీ సన్నబడుతుంది, నిండాక ఆరిపోతుంది. అప్పుడు బల్బు తీసేసి, డబ్బాను బ్యాటరీకి నేరుగా జతచేసి తాళం తిప్పాలి. ఉమ చెబుతుంటే తేలిగ్గానే ఉంది. ఆరిపోతుంది అన్న మాట ఒక్కటే ఆమెకు మింగుడుపడలేదు.

అసలు ఆ డబ్బా నిండే ఉండాలి. ఖాళీగా ఉండటానికి కారణం కూడా ఆమే. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివిన ఉమ, కొమరోలులో దుకాణం పక్క గదిలో ఇన్వర్టర్లు బాగుచేస్తుంది. ఈ డబ్బా తయారైన రోజున సంబరంగా తెచ్చి చూపించి, "ఇది నిండుగా ఉన్నప్పుడు రెండు కొసలకూ పానా అడ్డం పెడితే పానా కరుగుతాది మా" అన్నది. చెప్పకూడని మనిషికి చెప్పింది. ఆ పూట నుంచీ నాగరత్నమ్మ పొయ్యి ముందు నిలబడితే వీపు వెనక పానా కరుగుతూనే ఉండేది. పిల్లి దూకితే? గిన్నె జారితే? పిల్ల నిద్రమత్తులో చెయ్యి పెడితే? పొద్దుగూకేసరికి డబ్బా ఖాళీ కావాలని, ఖాళీ అయినా ఇంట్లో కాదు కారు డిక్కీలో ఉండాలని పట్టుబట్టింది. "ఒట్టి బిందె మోసుకు తిరిగేదానికి బిందె ఎందుకు?" అన్నది ఉమ. అన్నది గానీ, విన్నది. అదీ ఒక భయమే. ఇంతగా మాట వినే పిల్ల ఒకనాడు వినడం మానేస్తే ఆ వినడం మానేయడం ఎట్లా ఉంటుందో.

మేకల మంద వచ్చి కారును రెండుగా చీలి దాటుతుంటే వెనకాల వాటి కాపరి ఆదెయ్య, వాళ్ల దుకాణం ఎరిగినవాడే, వచ్చాడు, తల మీద ప్లాస్టిక్ సంచి టోపీలాగా మడిచి పెట్టుకుని.

"ఏం శెట్టెమ్మా, బండి మొండికేసిందా? పట్టండి, తోద్దాం. మా మేకలు గూడా ఒక కాలు ఏస్తాయి."

"తోస్తే రాదు మామా" అన్నది ఉమ. "గేర్ల బండి కాదు. ఆటోమేటిక్కు."

"గేర్లు లేకుండా ఎట్ల పోతాది?"

"ఉంటాయి. దానంతటదే మార్చుకుంటాది."

"దానంతటదే మార్చుకునేదానికి దానంతటదే స్టార్ట్ అయ్యేది తెలవదా?"

వెనక సీట్లో దగ్గూ నవ్వూ కలిసిపోయి వినిపించాయి. ఈ తట్టు లోకానికంతా తెలిసిన మందు ఒకటే, తోయడం. బస్సు ఆగినా జీపు ఆగినా దిగి నలుగురూ భుజం ఆనించాల్సిందే. ఆ ఒక్క మందూ పనిచేయని కారు కొన్నారు వీళ్లు. కాళ్లకు నీరుపట్టి ఎడమకాలు క్లచ్చి తొక్కలేనప్పుడు, ఎవరికీ భారం కాకుండా తానే నడుపుకుంటూ మార్కాపురం పోయొస్తానని ఆయన వెతికి వెతికి కొన్నది. రెండు నెలలు నడిపాడు కూడా. బెడ్డు మీద నుంచి లేచి, చేతికి కట్టు కట్టించుకుని, తన కారు తాను నడుపుకుంటూ కంభం దాటేటప్పుడు పక్కన కూర్చున్న ఆమెతో "నేను రోగినని ఎవరన్నా అంటారా?" అనేవాడు. ఎవరూ అనకముందే ఆమె మనసులో అనుకునేది. అనుకుంటే తప్పుతుందని.

ఆదెయ్య అద్దంలోంచి వంగి చూసి, ఆయన మొహం చూసి, పరిహాసం మానేశాడు. ఊళ్లో ట్రాక్టర్లన్నీ బురద చేలల్లో దిగబడి ఉన్నాయని, అయినా ఎవరినైనా అడుగుతానని, ఊరు ఆ చెరువుకట్ట అవతల కాబట్టి ఆలస్యమవుతుందని చెప్పి మందను అదిలించుకుంటూ పోయాడు. మేకల గంటలు వినబడినంతసేపూ ఆమెకు ఎవరో తోడున్నట్టే ఉంది. తర్వాత ఊపిరి చప్పుడు ఒక్కటే మిగిలింది.

ఉమ ఫోను పైకెత్తి చూసింది. "ఈడ సిగ్నల్ లేదు. నేను ఆ మిట్ట ఎక్కి ఆసుపత్రికి చెప్పొస్తా, బెడ్డు ఇంకొకరికి ఇయ్యకుండా. నూటెనిమిదికి గూడా చేస్తా. నువ్వు ఏమీ ముట్టుకోవాకు మా. బల్బు సన్నబడతాది, సన్నబడనీ."

"సన్నబడితే?"

"సన్నబడితే మంచిది. ఎన్నిసార్లు చెప్పాల."

పంజాబీ డ్రెస్సు అంచు బురదకు తగలకుండా ఎత్తిపట్టుకుని పిల్ల మిట్ట వైపు నడుస్తుంటే నాగరత్నమ్మ ఆమె అడుగుల ముందు పాముల్ని వెతికింది. వానకు పుట్టల్లోంచి లేచి ఉంటాయి. లేవలేదు. పిల్ల చిన్నదై, కంది పూత పసుపులో కలిసిపోయింది. అప్పుడు బల్బు వంక చూస్తే అది మారి ఉంది. ఇందాక కంటికి గుచ్చుకున్న తెలుపు ఇప్పుడు పసుపైంది. ఇంకాసేపటికి పసుపు కూడా కాదు, తంగేడు పూవు వాడినట్టు ఒక రంగు. లోపలి తీగ కనబడుతోంది, సన్నటి ఎర్రటి తీగ. దీపం అంటే ఆమెకు పని. కాపురానికి వచ్చిన తొలి కార్తీకంలో అత్త కనకమ్మ ఆమెకు అప్పజెప్పిన పని అదొక్కటే, తులసికోట ముందు దీపం. చమురు తగ్గితే పొయ్యి, వత్తి కాలితే ముందుకు జరుపు, గాలొస్తే కొంగు అడ్డం పెట్టు. వాళ్లింట్లో దీపాన్ని ఎవరూ ఆర్పరు, ఆరిందనీ అనరు. తెల్లారి చూస్తే కొండెక్కిందంటారు. ఉమకు ఏడాది నిండకముందు జ్వరమొచ్చి ఒళ్లు కొరివిలా కాలినప్పుడు కూడా ఆమె కూర్చున్నది పిల్ల దగ్గర ఒక మోకాలు, దీపం దగ్గర ఒక మోకాలు. ఏది కాపాడితే ఏది నిలుస్తుందో తెలియక రెండింటికీ కాపు కాసింది. రెండూ నిలిచాయి. అప్పటినుంచీ ఆ రెండూ ఆమె లోపల ఒకటే. సన్నబడితే మంచిదని చెవి విన్నది, తల ఊపింది. చేతికి ఎవరు చెప్పారు?

ఆ క్షణానే వెనక సీట్లో ఊపిరి చప్పుడు ఆగింది. ఆగలేదేమో, గాలికి వినబడలేదేమో. ఆమె తల తిప్పి చూసేలోపు బల్బు ఒకసారి వణికినట్టయింది. క్లిప్పు వదులైందేమో, వత్తి పక్కకు ఒరిగినట్టు ఒరిగిందేమో. ఆమె చేయి ముందుకు పోయి బ్యాటరీ మీది క్లిప్పును రెండు వేళ్లతో పట్టి కొంచెం జరిపింది, అంతే, వత్తిని జరిపినట్టే. అది బ్యాటరీ బొడిపె మీంచి జారి పక్కనున్న ఇనుప చువ్వను కరుచుకుంది. బల్బు భగ్గుమంది. తెల్లగా, ఇందాకటిలాగా, ఇందాకటికంటే బాగా. వెనక నుంచి ఆయన ఊపిరి కూడా వినబడింది, గరగరమంటూ, కానీ వినబడింది. చూశావా అనుకుంది, ఎవరితోనో. ఆ క్లిప్పు మళ్లీ జారకుండా చువ్వకు అదిమి పట్టుకుని నిలబడింది. వేలి నొప్పి హాయిగా ఉంది. ఆయన బతుకు, పిల్ల బతుకు, అత్త అప్పజెప్పిన దీపం, అన్నీ ఆ రెండు వేళ్ల మధ్య ఉన్నట్టు, తాను పట్టుకున్నంతసేపూ ఏమీ కాదన్నట్టు. ఎంతసేపు నిలబడిందో. ఉమ మిట్ట దిగి వస్తూ దూరం నుంచే బల్బు వెలుగు చూసి నడక ఆపేసి, తర్వాత పరుగెత్తుకొచ్చింది.

"క్లిప్పు ఏడ పెట్టినావు మా?"

"జారుతా ఉంటే సరిగ్గా పెట్టినా. చూడు, మళ్లా బాగా వెలుగుతా ఉంది."

ఉమ క్లిప్పును లాగేసింది. బల్బు టక్కున ఆరింది. పిల్ల జేబులోంచి మీటరు తీసి డబ్బా కొసలకు పెట్టి చూసి, కళ్లు మూసుకుని తెరిచింది.

"ఈ చువ్వ బండి ఇనుము మా. డబ్బాలోకి పోవాల్సింది పోలేదు. డబ్బాలో ఉన్నదే బయటికొచ్చి బల్బులో కాలిపోయింది. నువ్వు ఇంతసేపూ చూసిన వెలుగు డబ్బాలోదే. ఇన్నాళ్లూ దీన్నే ఖాళీ చెయ్యమంటివి. ఈ పొద్దు నీ చేత్తో నువ్వే చేస్తివి."

తిట్టినా బాగుండేది. పిల్ల గొంతులో కోపం లేదు, అలసట ఉంది, తన తల్లి గురించి కొత్తగా ఏమీ తెలుసుకోనివాళ్ల అలసట.

"నూటెనిమిది?" అన్నది నాగరత్నమ్మ.

"కల్వర్టు కాడ నిలిచిపోయింది. చుట్టు తిరిగి వస్తారంట, ఎప్పుడో చెప్పలేమన్నారు. ఆసుపత్రిలో సిస్టరు మధ్యాహ్నం దాకానే అనింది, ఆపైన ఆమె చేతుల్లో లేదంట." ఉమ క్లిప్పును మళ్లీ బ్యాటరీ బొడిపెకు తగిలించింది. బల్బు వెలిగింది. "ఈ బ్యాటరీకి డబ్బాను ఇంకోసారి నింపే శక్తి ఉంది. దాని తర్వాత ఉండదు. ఒక్కసారే తిప్పగలం."

అట్లా రెండోసారి మొదలైంది, మొదటి నుంచి. ఇప్పుడు ఉమ కూడా పక్కనే నిలబడింది. తల్లీ కూతుళ్లు ఇద్దరూ బానెట్ కింద తలలు వంచి, పొయ్యి మీద పాలు చూస్తున్నట్టు. ఇద్దరి మనసులోనూ ఉన్న సంగతి ఒకటే. పోయినేడు పామూరు తట్టు సోలారు ప్లాంటులో ఉమకు పని వచ్చింది. వద్దని నాగరత్నమ్మ అనలేదు. ఆ మాటకొస్తే ఏ పనినీ వద్దని ఎప్పుడూ అనలేదు. కాకపోతే ఆ వారం ఆమెకు అన్నం సయించలేదు, బీపీ పెరిగింది, బస్సు బోల్తాపడ్డ వార్త ఎక్కడ కనబడినా పైకి చదివింది. ఆ ప్లాంటు వాళ్లు మళ్లీ ఫోను చేసినప్పుడు ఉమ దుకాణం మెట్ల మీద నిలబడి, ఇంట్లో బాగాలేదు సార్ అని చెప్పింది. ఆ రాత్రి నాగరత్నమ్మ రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. పిల్ల కళ్లెదురుగా ఉంది, ఇల్లు వెలుగుతోంది అనుకుంది. ఇల్లు వెలుగుతోందని. ఇప్పుడు ఈ బల్బు ముందు నిలబడి, ఆ వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో అని ఒక ఆలోచన రాబోయి, గడప దగ్గరే ఆగిపోయింది. ఆమె దాన్ని లోపలికి రమ్మనలేదు. పొమ్మని కూడా అనలేదు.

"రత్నా" అని వెనక నుంచి పిలుపు. పరుగున పోయింది. చెన్నకేశవరావు పెదవులు నల్లబడ్డాయి, చెక్కిళ్లు ఉబ్బి కళ్లు చిన్నవయ్యాయి. పాదం మీద ఆమె వేలితో నొక్కి చూస్తే వేలు పడ్డచోట గుంట అట్లాగే నిలిచిపోయింది, తడి మట్టిలో పడ్డట్టు.

"ఏందంట? నువ్వేదో చేసినావంట."

"ఏంలేదండీ. దీపం సరిచేసినా."

"నీకు బండి ముందర గూడా తులసికోటే." ఊపిరి తీసుకుని, "పిల్లను ఏమీ అనవాకు. దానికి తెలుసు" అన్నాడు. అనడానికి తన దగ్గర ఏముందని. తప్పు చేసింది తాను కదా. ఆయన ఎప్పుడూ ఇంతే, లెక్క తప్పు వేస్తాడు, తీర్పు మాత్రం సరిగ్గా చెబుతాడు. ఆమె తడిగుడ్డతో ఆయన పెదవులు అద్దింది. నీళ్లు అడుగుతాడని చూసింది. అడిగితే ఏం చెప్పాలో నోట్లో సిద్ధంగా ఉంది, ఇన్నేళ్లుగా ఉన్న మాటే. ఆయన అడగలేదు. దాహం వేయని మనిషిలా కిటికీ బయట నల్లమల కొండల మీద మబ్బు విరిగి పాలిపోతున్న చోటు చూస్తున్నాడు. అడగకపోవడమే ఆమెను చంపేసింది. అడుగు, ఒక్కసారి అడుగు, ఇస్తానో ఇవ్వనో అది వేరే, నువ్వు అడుగు. ఈ ఒక్కటి కూడా ఆమె ఇదివరకు ఊహించలేదు, ఆయన నీళ్లు అడగకపోవడం. ఎన్ని అనుకుని పెట్టుకున్నా లోకం దగ్గర ఇంకొకటి ఉంటుంది. గోనెసంచి నిండా చెడులు కుట్టి పెట్టుకుంటే సంచి బయట ఒకటి నడుచుకుంటూ వస్తుంది. మరి ఇన్నాళ్లూ ఆ సంచి ఎవరికోసం మోసింది?

తిరిగి బానెట్ దగ్గరికి వచ్చేసరికి బల్బు పసుపైంది. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదానితో ఒకటి పట్టుకుంది. చూడు, అనుకుంది. ఊరికే చూడు. వాడిన తంగేడు రంగు వచ్చింది. లోపలి తీగ బయటపడింది. ఒళ్లంతా ముందుకు పోతానంటోంది, వేళ్లు వేళ్లను నొక్కి పెడుతున్నాయి. ఉమ ఒక కంటితో తల్లి చేతుల వైపు చూసి, ఏమీ ఎరగనట్టు చూపు తిప్పుకుంది. బల్బు ఎర్రబడింది, బొగ్గు మీద బూడిద కప్పేముందు ఉండే ఎరుపు. ఆ ఎరుపు అట్లా నిలిచిపోయింది, ఎంతకీ పోదు. వెనక ఊపిరి, ముందు ఎరుపు. పోరాదా, అనుకుంది నాగరత్నమ్మ. ఆ అనుకోవడం ఆమెకే వింతగా వినిపించింది. పుట్టి బుద్ధెరిగాక ఒక దీపాన్ని పొమ్మనడం ఇదే మొదలు. ఆరిపో తల్లీ, ఆరిపో, నీ పుణ్యముంటుంది, నీలో ఉన్నదంతా అక్కడికి పోనీ, తొందరగా ఆరిపో. ఎరుపు గీత సగమైంది. నలుసైంది. ఉందా లేదా అని ఆమె వంగి చూస్తుంటే, లేదు.

ఉమ మీటరు పెట్టి చూసి తల ఊపి, బల్బును ఊడదీసి పక్కన పెట్టింది. డబ్బా లావు తీగల్ని రెండు చేతులతో బ్యాటరీ బొడిపెల మీదికి తెచ్చింది. చిటుక్కుమని ఒక నిప్పురవ్వ. నాగరత్నమ్మ పానాను చూసింది, కరుగుతున్న పానాను, పిల్ల వేళ్ల మధ్య.

"ఈ క్లిప్పుల్లో స్ప్రింగు వదులైంది. నేను అదిమి పట్టుకోకపోతే కరెంటు పోదు. నువ్వు పోయి తాళం తిప్పు మా."

"నేనా?"

"నాయన ముందుకు రాలేడు. ఇంకెవరున్నారు? బ్రేకు తొక్కిపట్టి తిప్పు. అది పట్టుకోంగానే వదిలెయ్యి."

స్టీరింగు ముందు ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. చీర కుచ్చెళ్లు ఎత్తి కూర్చుంటే కాళ్లు పెడళ్లకు అందలేదు, ముందుకు జరిగి బ్రేకు తొక్కిపట్టింది. ఎదురుగా లేచి నిలబడ్డ బానెట్ రేకు, దాని వెనక కూతురు. కనబడేది రేకుకూ బండికీ మధ్య సన్నటి సందులో పిల్ల పది వేళ్లే. గాజుల చేతులు కూడా కావు, పనికి అడ్డమని తీసేసింది. తాళం చల్లగా ఉంది. దీన్ని తిప్పితే ఆ వేళ్ల మధ్య నుంచి ఏం పోతుందో ఆమెకు తెలుసు, పానా కరిగించేది పోతుంది. పోకపోతే ఆయన. పోతే పిల్ల. ఈసారి దీపం దగ్గర ఒక మోకాలు, పిల్ల దగ్గర ఒక మోకాలు అని కూర్చోవడానికి లేదు. ఉన్నది ఒక చెయ్యి, ఒక తాళం. ముందుగా చెడును తలుచుకోవడానికి కూర్చుంది. అలవాటు కదా, అది లేకుండా ఏ పనీ మొదలుపెట్టలేదు. మంట అనుకుందామనుకుంది. పేలుడు అనుకుందామనుకుంది. ఏదీ పూర్తిగా రావడం లేదు. సందులో ఉన్న పది వేళ్లు అట్లా కదలకుండా, నిబ్బరంగా, బ్యాటరీ బొడిపెల్ని పట్టుకుని ఉన్నాయి. వాటికి భయం ఉందో లేదో కనబడలేదు. ఎప్పుడు నేర్చుకున్నాయి అవి అంత నిబ్బరం? ఎవరి దగ్గర?

"తిప్పు రత్నా" అన్నాడు వెనక నుంచి చెన్నకేశవరావు. "నిదానంగా కాదు. ఒక్కసారే."

తిప్పింది.

ఇంజను మూలిగింది. ఒకసారి తిరిగి, తడబడి, ఇక లేదనుకున్నచోట మళ్లీ తిరిగి, దగ్గి, ఒక్కసారిగా పట్టుకుంది. సీటు కింద నుంచి వణుకు ఆమె తొడల్లోకి, నడుములోకి, పళ్లలోకి ఎక్కింది. తాళం ఇంకా ఆమె వేళ్ల మధ్య బిగిసి ఉంది, చివరిదాకా తిప్పి పట్టినది పట్టినట్టే. లోపల ఏదో ఇనుము ఇనుమును రాసుకుంటున్నట్టు కర్రుమంది. బానెట్ అవతల నుంచి ఉమ కేక వినబడింది.

"వదులు మా. పట్టుకునింది, ఇంక వదులు."

వదిలితే ఆగిపోతుంది. ఆమెకు తెలుసు. పట్టుకున్నందుకే తిరుగుతోంది. ఈ వేళ్లు కొంచెం సడలితే ఇంజను నిలబడిపోతుంది, మళ్లీ తిప్పడానికి డబ్బాలో ఏమీ ఉండదు, మధ్యాహ్నం దాటుతుంది. ఆమె ఇంకా గట్టిగా బిగించింది. కర్రు చప్పుడు పెద్దదైంది. వెనక నుంచి ఒక చేయి, నీరుపట్టి బరువెక్కిన చేయి, వచ్చి ఆమె భుజం మీద పడింది. బానెట్ సందులో పది వేళ్లు బ్యాటరీ మీంచి లేచి, క్షేమంగా, నల్లటి మరకలతో, ఆమెకు కనబడేటట్టు గాలిలో విప్పారాయి. చూడు, నేను వదిలేసినా అన్నట్టు.

ఆమె వదిలింది.

ఇంజను ఆగలేదు.